ఒకే పేరు, మూడు ఓడలు

మొన్న గోదావరి గట్టు మీద కొత్తగా కట్టిన నావికుల స్మారకం చూడ్డానికి బాబాయినీ పిన్నినీ వెంటబెట్టుకుని నరసాపురం వెళ్లాను. వెళ్లానంటే, బాబాయి పోరు పడలేక వెళ్లాను. నెల రోజుల నుంచీ పొద్దున్నే ఫోను. అరవై దాటిన నన్ను ఇంకా "అమ్మాయ్" అంటూ, ఈ ఆదివారమైనా ఖాళీనా అని. నా మోకాళ్ల సంగతి అడిగే నాథుడు లేడు. చివరికి భీమవరంలో కారు మాట్లాడి ఇద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టాను. దారి పొడవునా ఆయన ఓడల గురించి చెబుతూనే ఉన్నాడు, ఆవిడ కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూనే ఉంది. వాళ్ల కాపురమంతా ఇంతే.

బాబాయి నేవీలో వంటవాడు. పనిచేసిన ఓడ పేరు గోదావరి. సెలవుకి వస్తే పిన్నిని వంటింట్లోంచి బయటికి పంపేసి వంద మందికి సరిపడా ఉప్మా చేసేవాడు. వీధి వీధంతా తినేవాళ్లం. ఆ తర్వాత చింతపండు పెట్టి ఇంట్లో ఇత్తడి సామానంతా తోమి, కొలిచినట్టు వరసగా బోర్లించేవాడు. తొలిచూలు ఆడపిల్ల పుడితే ఓడ పేరే పెట్టుకున్నాడు. నవ్వితే ఆ పిల్లకి బుగ్గన సొట్ట పడేది. నేనే ఎత్తుకు తిరిగేదాన్ని. ఏడో నెలలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. బాబాయి అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. వచ్చేసరికి ఇంట్లో ఉయ్యాల విప్పేశారు.

తర్వాత ఆయన ఓడ కూడా పాతబడిందని విడగొట్టేశారు. కొన్నేళ్లకు బొంబాయిలో కట్టిన కొత్త ఓడకి మళ్లీ అదే పేరు పెట్టారు. నేవీలో అది ఆచారమట, ఓడ పోయినా పేరు పోనివ్వరట. సరిగ్గా ఆ రోజుల్లోనే పిన్నికి రెండో ఆడపిల్ల పుట్టింది. మా బాబాయి చేసిన ఘనకార్యం ఏమిటంటే, పురిటి మంచంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడక్కుండా మునిసిపాలిటీకి వెళ్లి ఈ పిల్లకీ గోదావరి అనే రాయించేశాడు. పిన్ని గొడవ చెయ్యలేదు. చేసినా బాగుండేది. పిల్లను చిట్టి అని పిలవడం మొదలుపెట్టింది, అంతే. బళ్లోనూ శుభలేఖలోనూ ఆధార్ కార్డులోనూ గోదావరే, వాళ్లమ్మ నోట మాత్రం ఆ పేరు రాలేదు. చిట్టికి ఇప్పుడు నలభై దాటాయి, కడియంలో మొక్కల నర్సరీ నడుపుతోంది. అమ్మ ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలక్కా అని ఓసారి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ ముగ్గురి మధ్యా తిరిగి తిరిగి నేను అలిసిపోయాను, దాచుకోవడం దేనికి.

గట్టు మీద నల్లరాయి, పక్కనే తుప్పు పట్టిన లంగరు. లంగరుకి ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. బాబాయి గొణుక్కుంటూ తుండుతో తుడవబోతే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరి కళ్లజోళ్లూ కార్లోనే ఉండిపోవడంతో రాతి మీదున్నది నేనే పైకి చదివాను. మొదటి గోదావరి తెల్లవాళ్ల కాలంలోది, యుద్ధంలో తిరిగింది, దేశం విడిపోయినప్పుడు పంపకాల్లో పాకిస్తాన్‌కి వెళ్లిపోయింది. రెండోది ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకున్నది. అదే బాబాయి ఓడ, దానికి రెండే వాక్యాలు. మూడోది మనం కట్టుకున్నది, దాని గురించి సగం రాయి. బాబాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు. పిన్ని మాత్రం మళ్లీ మొదటి నుంచి చదవమంది. ఎండలో నిలబడి మళ్లీ చదివాను.

"మొదటిది మన దగ్గర లేదు కదే?" అంది.

లేదన్నాను.

"అయినా దాన్ని తీసెయ్యలేదు. ముందు దాని గురించే రాశారు."

మెల్లిగా గట్టు మెట్టు మీద కూర్చుని, బాబాయి వైపు చూడకుండానే అంది. "పెద్దదాని పేరు చిన్నదానికిచ్చి, పెద్దది అసలు పుట్టనే లేదన్నట్టు చేశారనుకున్నానండి ఇన్నాళ్లూ."

బాబాయి తుండు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. "నేను దాన్ని ఎత్తుకుంది పది రోజులే కదే. పేరు కూడా పోతుందేమోనని భయమేసింది" అన్నాడు.

ఈ రెండు మాటలు నలభై ఏళ్ల కిందట అనుకుని ఉండకూడదూ అని నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ఈలోగా పిన్ని నా ఫోను తీసుకుని, కడియం నంబరు కలపమంది. కలిపి చేతికిచ్చాను.

"గోదావరీ, అన్నం తిన్నావా అమ్మా?"

నలభై ఏళ్లు గడిచిపోయాయని మేమంతా అనుకున్నాం గానీ, పిన్నికి అవి గడవనే లేదు. గడవడం ఆ మధ్యాహ్నమే మొదలైంది.