గేటు దగ్గర పోయిన రెండు నిమిషాలు

మా ఆసుపత్రి గేటు కాపలా ఆవిడని అందరూ ముక్కత్త అంటారు. పొగాకు ఎంత లోపల దాచినా ఆ ముక్కు ఇట్టే పసిగడుతుంది. ఆవరణలోకి బీడీ, సిగరెట్, ఖైనీ ఏదీ రాకూడదని బోర్డు పెట్టించింది పెద్ద డాక్టరుగారే అయినా, దాన్ని అమలు చేసింది మాత్రం ఈవిడే. ఒకసారి ఆ డాక్టరుగారి మామగారి జేబులోంచే సిగరెట్ పెట్టె లాగేసింది. చీటీల కౌంటర్లో కూర్చునే నేను ఆ పూట నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఆవిడకి సరైన జోడు దర్జీ పెద్దాయన. ఆయన భార్య రెండు నెలలుగా పైన ఊపిరితిత్తుల వార్డులో ఉంది. రోజూ పొద్దున్నే మెడలో టేపుతోనే వచ్చేవాడు. ఖైనీ పొట్లం ఒకరోజు టోపీలో, ఒకరోజు క్యారియర్ అడుగు గిన్నెలో, ఇంకోరోజు చెప్పులో.

“ఇవాళ ఎక్కడ అన్నయ్యా?”

“నా దగ్గరేముంది చెల్లెమ్మా, ఉత్త చేతులతో వచ్చాను!”

వెతకడం, దొరకడం, ఇద్దరూ పగలబడి నవ్వుకోవడం. వెనక వరుస పెరిగిపోతుంటే నాకు ఒళ్ళు మండేది. “మీ అన్నాచెల్లెళ్ళ ముచ్చట్లు తర్వాత!” అని అరిచేదాన్ని.

ఒకరోజు ఆయన మిట్టమధ్యాహ్నం పరుగున వచ్చాడు. రొప్పుతున్నాడు, మాట పెగలడం లేదు. చేత్తో పైకి చూపించాడు.

“అబ్బో, ఇదేం కొత్త నాటకం?” అంటూ ముక్కత్త సంచి లాక్కుంది. టోపీ తీయించింది, చెప్పులు విప్పించింది. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకాస్త పట్టుదలగా వెతికింది. మహా అయితే రెండు నిమిషాలు. అబద్ధమెందుకు, నేనూ నవ్వుతూ చూశాను.

వార్డువాళ్ళు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నారట. ఆయన మంచం దగ్గరికి చేరేసరికి నర్సు దుప్పటి ముఖం మీదికి లాగుతోంది. “ఇప్పుడే, ఒక్క నిమిషం ముందే” అందట.

ముక్కత్తకి ఆ రోజు నుంచి ముద్ద దిగలేదు. గేటు వదిలేసి, వెనక బట్టలుతికే గదిలో పని అడిగి వేయించుకుంది. కొత్త కాపలావాడు బోర్డు కిందే పొగ ఊదుతున్నా చూడనట్టు ఊరుకునేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చి ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

“నువ్వేం కావాలని చేశావా? రూలు ప్రకారం ఆపావు!”

“రూలు కాదమ్మా. ఆయన జేబులు చూశాను గానీ, మొహం చూడలేదు” అని భోరుమంది.

మూడు వారాలకి దర్జీ మరణ ధ్రువపత్రం కోసం వచ్చాడు. “మా చెల్లెలేదమ్మా?” అని అడిగాడు. నేనే వెనక్కి తీసుకెళ్ళాను. తడి దుప్పట్ల మధ్య ముక్కత్త తలెత్తలేదు.

“నన్ను తిట్టు అన్నయ్యా. కొట్టినా పడతాను.”

“తిట్టాను. ఇంటికెళ్ళి నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.” ఆయన బల్ల మీద కూలబడ్డాడు. “మా ఆవిడ మంచాన పడే దాకా నా పొట్లాలు వెతికి పారేసేది. ఇప్పుడు పగలంతా నోట్లోనే ఉంటోంది, వద్దనే దిక్కు లేదు. నువ్వైనా ఆపు చెల్లెమ్మా.”

ముక్కత్త చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. పొట్లం పైజేబులోనే ఉంది. దాన్ని తీసుకుంది.

“రేపట్నించి రోజూ రా అన్నయ్యా. గేటు దగ్గర నేనే ఉంటాను.”