మైలుతుత్తం సరస్సు

ఆ రోజుల్లో నాకు రాయడం వచ్చి ఉంటే ఈ సంగతి అప్పుడే రాసి పారేసేదాన్ని. రాకపోబట్టే ఇన్నేళ్ళూ మా బావ దీన్ని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఏటేటా కొత్త అబద్ధాలు కలిపి చెబుతూ వచ్చాడు. మాది తమలపాకు తోట. బడి ఈడు వచ్చేసరికి నా చేతికి పలక బదులు మందు కలిపే కర్ర ఇచ్చారు. తర్వాత మేనబావను చేసుకుని మిషిగన్ వచ్చాను. వంటలు, పిల్లలు, మంచు ఎత్తిపోయడాలు. చదువు రేపటికి రేపటికి జరిగిపోయింది. నిరుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో చిన్నపిల్లలకు చెప్పే ఆదివారం తెలుగు బడికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. (పక్కనున్న ఆరేళ్ళ పిల్ల, "ఆంటీ, మీ 'ఖ' ఫన్నీగా ఉంది" అంటుంది. ఉంటే ఉండనీ.) ఇక చెప్పడం నా వంతు.

పెళ్ళయిన కొత్తలో బావ స్నేహితుడైన హైదరాబాదు అన్నయ్య, ఆయన భార్య, మేమిద్దరం కలిసి మోంటానాలో కొండల మధ్య ఉన్న సరస్సు చూడటానికి వెళ్ళాం. పైనున్న మంచుగడ్డలు కరిగి నిండే సరస్సు అది. "ఎట్లుంది చెల్లె? సూపర్ లేదూ?" అన్నాడు అన్నయ్య. నేను నడుస్తున్నదాన్ని టక్కున ఆగిపోయాను. అందానికి కాదు. నీళ్ళు నీలమూ కాదు, పచ్చా కాదు, పాలు కలిపినట్టు చిక్కగా ఉన్నాయి. ఆ రంగు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. సున్నపు నీళ్ళలో మైలుతుత్తం కలిపితే సరిగ్గా అదే రంగు వస్తుంది. ఆకుతీగలకు తెగులు రాకుండా కొట్టే మందు అది. మా తోటలో ఒకాయన పొరపాటున దాన్ని గుక్కెడు తాగి, సాయంత్రం దాకా మంచం మీద మెలికలు తిరిగాడు. ఇంత సరస్సు నిండా ఎవరు కలిపారు, ఏ తోటకు కలిపారు అని నేను కొండల మీద తీగల కోసం వెతుకుతూ ఉండగానే, అన్నయ్యతో పందెం కాసి బావ చొక్కా విప్పి నీళ్ళలోకి దూకేశాడు.

"బావా, వద్దు!" అని నేను అరిచేసరికే మునిగి తేలాడు. ఒడ్డుకు వచ్చిన మనిషిని చూసి ఎదురు పరుగెత్తాను. పెదాలు నేరేడుపండు రంగు. పళ్ళు టకటక. మాట లేదు. "నీళ్ళు మింగావా?" అన్నాను. తల ఊపాడు. (వణుకుకు ఊగిందట. ఆ సంగతి తర్వాత చెప్పాడు.) విషం తాగితే వాంతి చేయించాలని మా తోటలో నేర్చుకున్నాను. వదిన ఫ్లాస్కులో చారు ఉంది. దోసకాయ ముక్కల కోసం తెచ్చిన ఉప్పంతా అందులో వంచి, బావ ముక్కు మూసి, గొంతులో పోశాను.

"ఏం చేస్తున్నావమ్మా!" అంది వదిన. "చచ్చిపోతాడు వదినా, నీళ్ళలో మందుంది!" అన్నాను. ఒడ్డున చాలామంది పిల్లలు ఆడుతున్నారు. వాళ్ళను ఎలా కాపాడాలి? వంటగది సింకు కింద ఉండే సీసాను చూపించి బావ నేర్పిన ఒక్క ఇంగ్లీషు మాట గుర్తొచ్చింది. "పాయిజన్! పాయిజన్!" అని కొండలు మారుమోగేలా అరిచాను. తల్లులు పిల్లలను రెక్కపట్టి లాక్కుపోయారు. నడి సరస్సులో ఉన్న పడవ గిర్రున వెనక్కి తిరిగింది. అదే క్షణంలో అన్నయ్య కొత్త బూట్ల మీద బావ వాంతి చేసుకున్నాడు.

పరుగెత్తుకొచ్చిన పార్కు రేంజరు అంతా విని, టోపీ తీసి, చాలాసేపు నేలకేసి చూశాడు. నవ్వాపుకుంటున్నాడని తర్వాత అర్థమైంది. ఆయన చెప్పింది వదిన నాకు తెలుగులో చెప్పింది. మంచుగడ్డ కిందికి జారుతూ కొండరాళ్ళను పిండి చేస్తుందట. ఆ పిండి కలిసి నీళ్ళకు ఆ రంగట.

"తిరగలి లాగానా?" అన్నాను.

"ఆ, తిరగలే! అదుగో, బోర్డు మీద అంత పెద్దక్షరాలతో రాసుందిగా, చదవలేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న బావ అప్పుడు మొదటిసారి నోరు తెరిచాడు. "క-క-కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది వదినా."

నాకు కళ్ళజోడే లేదు. (ఆ ప్రయాణమంతా వదిన దూరంగా ఏ జింకో కనిపించినప్పుడల్లా, "పాపం, నీకు కనిపిస్తోందా?" అని అడుగుతూనే ఉంది.)

ఆ రాత్రి సరస్సు దగ్గరి బసలో అందరూ నవ్వుకుని పడుకున్నారు కానీ నాకు ఆ బోర్డు మీద నమ్మకం కుదరలేదు. మనకు చదవడం రాదు కదా అని ఎవరైనా ఏమైనా చెప్పవచ్చు. బావ నిద్రపోతుంటే రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పిచ్చిపిల్లను దగ్గరకు తీసుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఎవరూ లేవకముందే ఒక్కదాన్నే సరస్సు దగ్గరకు వెళ్ళాను. అతనికి ఏమయితే నాకూ అదే కావాలి అనుకుని, కళ్ళు మూసుకుని, దోసెడు నీళ్ళు తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి. కాసేపు రాయి మీద కూర్చుని చావు కోసం చూశాను. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. వెనక్కి వెళ్ళి, చల్లటి చేతులు బావ మెడ మీద పెట్టి లేపాను.

"లే బావా, నీళ్ళు మంచివే."