లింబాద్రి ఏరిన రాళ్లు

లింబాద్రికి రంగురాళ్ల పిచ్చి పట్టింది దోహాకు వచ్చాకే. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఊరంతా తవ్వకాలే, కట్టడాలే. ముషైరిబ్‌లో ఒక నాలుగంతస్తుల భవనానికి కాంక్రీటు కలపడం అతని పని. ఎడారి నుంచి వచ్చిన కంకరను కడిగినప్పుడు ఎర్రటి, తేనెరంగు గులకరాళ్లు తళుక్కుమనేవి. అవి సిమెంటులో కలిసిపోతుంటే అతని ప్రాణం ఉసూరుమనేది. ఏరి పాలపొడి డబ్బాలో దాచుకునేవాడు. నజ్మా పేటలో అతని గదిలో ఉండే తొమ్మిదిమందీ చూసి నవ్వేవారు.

కంకర లారీ నడిపే ఇక్రాముద్దీన్‌ది బోధన్. లింబాద్రిది ఆర్మూరు పక్క పల్లె. ఆ దగ్గరితనంతో ఒకరోజు ఇక్రాముద్దీనే అన్నాడు: "గీ నాలుగు రాళ్లకే గింత మురుస్తున్నవ్. అసలు జాగ జూస్తే పాగల్ అయితవ్ భాయ్. శుక్రవారం డ్యూటీ లేదు గదా, యల్లా, పోదాం!"

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరారు. తారురోడ్డు అయిపోయాక గంటన్నర ఇసుకబాట. లారీ ఆగినచోట చెట్టూ పుట్టా లేదు. కనుచూపుమేర గులకరాళ్లే. వాటిని తొక్కడానికి మనసొప్పక లింబాద్రి లారీ మెట్టు మీదే కాసేపు నిలబడిపోయాడు. తర్వాత దిగి, నేలమీద బోర్లా పడుకుని లేత ఎండకెదురుగా చూశాడు. మామూలు రాళ్లు నల్లగా కనిపించాయి. అక్కడక్కడా కొన్ని మాత్రం లోపల దీపం పెట్టినట్టు వెలిగాయి.

"ఇక్రాం భాయ్, నువ్వు గూడ పండుకొని సూడు!"

"నాకు నడుం నొప్పి. నువ్వే పండుకో," అంటూ ఇక్రాముద్దీన్ లారీ నీడలో ఫ్లాస్కు తెరిచాడు.

పొద్దెక్కేసరికి వెంట తెచ్చుకున్న సిమెంటు సంచి రాళ్లతో సగం నిండింది. తీరా తిరుగుముఖం పడితే లారీ వెనుక చక్రం ఇసుకలో దిగబడింది. పార లేదు. చేతులతో తోడినకొద్దీ ఇంకా దిగింది. నీళ్ల డబ్బా అడుగంటుతోంది. ఇక్రాముద్దీన్ మొహం పాలిపోయింది. లింబాద్రి సంచి తెచ్చి చక్రం ముందు బోర్లించాడు. ఖాళీ సంచి కూడా పైన పరిచి, "ఇగ తోలు," అన్నాడు.

చక్రం రెండుసార్లు గిర్రున తిరిగి, మూడోసారి రాళ్లను పట్టుకుంది. లారీ గట్టినేల మీదికి వచ్చింది.

లింబాద్రి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఇక్రాముద్దీన్ మాత్రం ఇంజన్ ఆపేసి దిగాడు. నడుం నొప్పి అన్న మనిషి మోకాళ్ల మీద కూలబడి ఇసుక తవ్వసాగాడు.

"ఇడ్సిపెట్టు భాయ్, ఎండ ముదుర్తుంది," అన్నాడు లింబాద్రి.

"సప్పుడు జెయ్యకు. పొద్దటిసంది కడుపు మీద పాకినవ్ నువ్వు."

ఇద్దరూ కలిసి ఇరవైమూడు రాళ్లు తీశారు. అందులో తెల్లచారల తేనెరాయి ఒకటి, గీత పడకుండా దొరికింది.

దాన్ని లింబాద్రి రెండు నెలలు గరుకు కాగితంతో రుద్ది, ఊరికి పోయేవాళ్ల చేత భార్య భూమవ్వకు పంపాడు. ఆ తర్వాత మూడో నెలలో ఆమె గొంతుతో క్యాసెట్ వచ్చింది. గదిలో అందరూ టేప్‌రికార్డర్ చుట్టూ చేరారు.

"అందరు దుబాయ్ నుంచి బంగారం పంపుతరు, నా మొగడు రాయి పంపిండని ఊరంత నవ్విన్రు. నేను ఎండకు పట్టి సూపెట్టిన. ఇగ ఎవ్వలు నవ్వలే. కంసలాయనతోని వెండిల పెట్టిచ్చి మెడల ఏసుకున్న. ఎంతకమ్ముతవని పటేల్ పెండ్లాం అడిగింది. అమ్మనన్న."

లింబాద్రి తలవంచుకుని బటన్ నొక్కి, టేపు వెనక్కి తిప్పాడు.