ఇరవై నాలుగు బిళ్లలు

చిట్టెమ్మకు గడియారం చూడటం రాదు. అయినా మధ్యాహ్నం విమానం వచ్చే వేళ ఊళ్లో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. తెలియకపోతే కుదరదు. అది దిగేలోగా గడ్డి కోసే ఆడవాళ్లనందరినీ మైదానం దాటించి గేటు బయటికి తేవడం ఆమె పని. తనతో కలిపి ఇరవై నాలుగు మంది.

విశాఖపట్నంలో రన్‌వే ఒకటే. మైదానం నేవీది. వాళ్ల విమానాలూ హెలికాప్టర్లూ ఎగిరేది దానిమీదే, రోజుకొక ప్రయాణికుల విమానం దిగేదీ దానిమీదే. ఇద్దరికీ అక్కర్లేనిది అక్కడ గడ్డి ఒక్కటే. రన్‌వేకి రెండు పక్కలా, వాగులా పారే గెడ్డ దాకా, వానాకాలంలో నడుములోతు పెరిగేది. గడ్డి పెరిగితే పాములూ ఎలకలూ చేరతాయి, వాటికోసం గద్దలు వస్తాయి. గద్ద ఇంజనులో పడితే విమానానికే ముప్పు. అందుకని ఏటా గడ్డి వేలం వేసేవారు. పాడుకున్న కాంట్రాక్టరు పక్క ఊరి ఆడవాళ్ల చేత కోయించేవాడు. రెండు మోపుల్లో ఒకటి అతనికి, ఒకటి వాళ్లకి.

చిట్టెమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఈ బాధ లేదు. కంచె ఉండేది కాదు. గేదెలు రన్‌వేకి అడ్డంగా నడిచి గెడ్డలోకి పోయేవి. ఎప్పుడైనా విమానం వస్తే ఒక మనిషి సైకిలు మీద ముందుగా వచ్చి కేకలేసి తోలేవాడు. డెబ్బైల చివర్లో కంచె వచ్చింది, కంచెకి గేటు వచ్చింది, గేటు దగ్గర తుపాకీతో సెంట్రీ నిలబడ్డాడు. మేత లోపల, గేదెలు బయట ఉండిపోయాయి. ఆమె మొగుడు సూరన్న పోర్టులో మూటలు మోసి నడుం విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. నాలుగు గేదెల పాలు మల్కాపురం క్వార్టర్లకు పోసి ఆమే ఇల్లు లాక్కొచ్చింది. ఊళ్లో చాలా ఇళ్లు అలాగే నడిచేవి. గడ్డి పాసు ఉన్న ఇంట్లోనే పొయ్యి వెలిగేది.

పాసు ఊరికే రాదు. ఫొటో దిగాలి, పోలీసు విచారణ జరగాలి, ఒంట్లో జబ్బేమీ లేదన్న కాగితం మీద వేలిముద్ర వేయాలి. లోపలికి వెళ్లేటప్పుడు పాసు గేటు దగ్గర పెట్టి ఇత్తడి బిళ్ల తీసుకోవాలి. వచ్చేటప్పుడు బిళ్ల ఇచ్చి పాసు తీసుకోవాలి. బిళ్లలన్నీ చేరితే మనుషులందరూ బయటికొచ్చినట్టే. అప్పుడు విమానం దిగొచ్చని గేటు నుంచి టవర్‌కి ఫోను వెళ్తుంది.

మొదటి ఏడే ఒకామె బిళ్ల గడ్డిలో పడిపోయింది. మూడు రోజులు కొడవళ్లు పక్కన పెట్టి అందరూ వంగి వెతికారు. దొరకలేదు. ఆమె పాసు రద్దయింది. అప్పట్నుంచి చిట్టెమ్మ ఒక ఏర్పాటు చేసింది. గేటు దాటగానే అందరి బిళ్లలూ తీసుకుని ఇనపతీగకి గుచ్చి బొడ్లో దోపుకునేది. తిరిగొచ్చేటప్పుడు ముందుగా నడిచి ఆ గుత్తిని దొరబాబు బల్లమీద పెట్టేది. దొరబాబు కాంట్రాక్టరు గుమాస్తా. అతను బిళ్లలు లెక్కపెట్టి సెంట్రీకి తలూపేవాడు. మనుషుల్ని విడిగా లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. మూడేళ్లలో ఒక్క బిళ్లా పోనందుకు కాంట్రాక్టరు చిట్టెమ్మకు చీర కూడా పెట్టాడు.

గంగాభవాని చిట్టెమ్మకు తోటికోడలు. ఇరవై రెండేళ్లది. నెలకో రెండు నెలలకో ఆమెకు మూర్ఛ వచ్చేది. సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప బయట తెలియదు. జబ్బు లేదన్న కాగితం మీద ఆమె బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించింది చిట్టెమ్మే. మరిది తాగుబోతు. రెండు గేదెలున్నాయి. పాసు లేకపోతే ఆ పిల్ల ఏం తింటుందని ఆలోచించింది, అంతే.

ఎనభై నాలుగు సెప్టెంబరులో ఒకరోజు ఎప్పటిలాగే గుత్తి బల్లమీద పడింది. ఫోను వెళ్లింది. ఆడవాళ్లు రోడ్డు పక్కన మోపులు దించి పంపకానికి జతలుగా పేర్చారు. పన్నెండు జతలు కావాలి. పదకొండు జతలయ్యాక ఒక మోపు ఒంటిగా మిగిలింది.

గంగి ఏదని చిట్టెమ్మ అడిగింది. గెడ్డకాడ కాళ్లు కడుక్కుంటోందేమో, ఎప్పుడూ దొరసాని నడకే కదా అని జట్టులోని వెంకటరమణమ్మ నవ్వింది. వెంటనే చిట్టెమ్మ మొహం చూసి నవ్వు ఆపేసింది. చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"నోరెత్తకు వదినా. ఇమానం దిగీసి ఎల్లిపోతాది, ఆ తరవాత అదే లేసొచ్చేత్తాది. ఇప్పుడు సెప్పీసేవంటే నీ పాసొక్కటే కాదు, ఇరవై నాలుగూ పోతాయి."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కిందటేడు ఒకామె లోపలే నిద్రపోయి, విమానం దిగాక వచ్చి, కంచె మీంచి మోపు విసిరి ఇవతలికి దూకింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గంగాభవాని పొద్దుట్నుంచి తల తిరుగుతోందంటూనే ఉంది. చిట్టెమ్మ ఆమెను చివరగా చూసింది రన్‌వే పడమటి కొసన, తారు అంచున గరిక దట్టంగా ఉండే చోట.

చిట్టెమ్మ గేటుకి వెనక్కి నడిచింది. మనిషొకరు లోపల ఉండిపోయిందని దొరబాబుతో చెప్పింది. బిళ్లలు ఇరవై నాలుగూ ఉన్నాయి కదా అన్నాడతను. బిళ్లలు పొద్దుట్నుంచీ తన బొడ్లోనే ఉన్నాయని ఆమె చెప్పింది. ఆ సంగతి అతనికి తెలియనిదేమీ కాదు. గొంతు తగ్గించాడు.

"ఆ మాట మళ్లీ అనకప్పా. నా ఉజ్జోగం పోద్ది, నీ పాసూ పోద్ది. ఇంటికెల్లు."

సెంట్రీ ఉత్తరాది కుర్రాడు. హిందీ తప్ప రాదు. ఏమిటని అడిగినట్టున్నాడు. దొరబాబు హిందీలో ఏదో చెప్పి నవ్వాడు. సెంట్రీ కూడా నవ్వి అటు తిరిగాడు. ఏం చెప్పాడో చిట్టెమ్మకు అర్థం కాలేదు. కొండల వైపు నుంచి విమానం చప్పుడు మాత్రం వినిపించింది.

ఆమె బల్లమీది గుత్తి లాక్కుంది. తీగ మెలి విప్పి ఒక బిళ్ల ఊడదీసి సెంట్రీ అరచేతిలో పెట్టి పిడికిలి మూసింది. మైదానం వైపు వేలు చూపించింది. తన చెయ్యి నిటారుగా నిలబెట్టి దభాలున పక్కకి పడేసింది. అతను బిళ్లను చూశాడు, ఆమెను చూశాడు. పరుగున వెళ్లి ఫోను ఎత్తాడు.

చక్రాలు దించుకుని కిందికొచ్చిన విమానం పెద్ద చప్పుడుతో మళ్లీ పైకి లేచి హార్బరు వైపు తిరిగింది. ఎందుకు తిప్పారో లోపల కూర్చున్నవాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. జీపు వెళ్లింది. తారుకి ఇరవై గజాల దూరంలో గంగాభవాని బోర్లా పడి ఉంది. నోట నురగ, చేతిలో కొడవలి. ప్రాణం ఉంది. అరగంటకి విమానం దిగింది.

విచారణలో చిట్టెమ్మ ఏదీ దాచలేదు. ఇనపతీగ సంగతి చెప్పింది, మూడేళ్ల సంగతి చెప్పింది, వేలిముద్ర సంగతీ చెప్పింది. దొరబాబు పని పోయింది. ఇరవై నాలుగు పాసులూ రద్దయ్యాయి. మరుసటి ఏటినుంచి గడ్డి ట్రాక్టరు కోసింది. ఆ చలికాలంలోనే ఊళ్లో గేదెలు ఒక్కొక్కటిగా సంతకి వెళ్లాయి. ఆడవాళ్లు స్టీల్‌ప్లాంటు కట్టుబడికి మట్టి మోయడానికి కుదిరారు. చిట్టెమ్మ కూడా వెళ్లింది. ఆమె వస్తే మేం రామని మిగతావాళ్లు మేస్త్రీకి చెప్పేశారు. ఆమెకు మిగిలింది ఒక్క గేదె. దాని మేతకోసం పొద్దున్నే సింహాచలం కొండల వైపు నడిచేది.

వెంకటరమణమ్మ మాట్లాడకపోవడం ఆమె పట్టించుకోలేదు. పక్క గోడ అవతల ఉంటూ గంగాభవాని కూడా ఆరు నెలలు పలకరించలేదు. ఒకరోజు కుళాయి దగ్గర ఇద్దరే మిగిలారు.

"నువ్వు నోరు మూసుకునుంటే నాను లేసి వచ్చీదాన్ని," అంది గంగాభవాని, బిందె వైపే చూస్తూ. "ఎప్పుడూ లేసే వచ్చినాను కదా. నా రెండు గేదెలూ ఉండీవి."



"వచ్చీదానివే గావాల," అంది చిట్టెమ్మ. "నాకెలా తెలుస్తాది?"

గంగాభవాని బిందె నిండకముందే తీసుకుని వెళ్లిపోయింది.