పిల్లలు కావాలా అని ఎవరూ అడగలేదు

ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక వీధిలో ఒక సంస్థ నడిపే చిన్న హెచ్ఐవీ క్లినిక్ ఉండేది. మందులకు వచ్చే ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ సేవలు ఎట్లా అందుతున్నాయో చూసి రమ్మని సర్వే చేయించేవాళ్లు నన్ను వారం రోజులు అక్కడికి పంపారు. చేతికి రెండు పేజీల ఫారం ఇచ్చారు. సలహా ఇచ్చారా, నిరోధ్‌లు ఇచ్చారా, ఆపరేషన్ గురించి చెప్పారా, మర్యాదగా మాట్లాడారా. అవునంటే టిక్కు, కాదంటే ఇంటూ. నేనూ ఏళ్ల తరబడి అవే మందులు మింగుతున్నదాన్ని కాబట్టి నా ముందు నోరు విప్పుతారని వాళ్ల ఆలోచన.

మూడు రోజులూ టిక్కులే పడ్డాయి. నాలుగో రోజు మోర్తాడ్ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉండవు. బీడీలు చేస్తుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆకు చుడుతున్నట్టే కదిలాయి. మొదటి భర్త ఈ జబ్బుతోనే పోయాడు. మస్కట్‌లో పనిచేసి వచ్చిన మేనత్త కొడుకు, అన్నీ తెలిసే, నాలుగేళ్ల కింద ఆమెను చేసుకున్నాడు. అతనికి వైరస్ లేదు.

ఏది అడిగినా "చెప్పిండ్రు", "ఇచ్చిండ్రు" అంది. ఫారం నిండిపోయింది. అందులో లేని ప్రశ్న ఒకటి నా నోట వచ్చింది.

"పిల్లలు కావాల్నా వద్దా అని నిన్ను ఎవరన్న అడిగిండ్రా, చెల్లె?"

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "గట్ల గూడ అడుగుతరా అక్కా?"

తర్వాత తనే చెప్పింది. "మా ఇద్దరికీ కావాల్ననే ఉంది. ఒక్కసారి నోరు తెరిచిన. ఈడ సలహాలు చెప్పే గా కౌన్సిలర్ సారు, నీకెందుకమ్మా గా ఫికరు, మందులు మింగి మంచిగుండు అన్నడు. మల్ల అడగలే."

నా ఒళ్లు మండిపోయింది. ఇరవై నాలుగేళ్లప్పుడు నేనూ ఇట్లాగే, వేరే ఊళ్లో, ఒక నర్సు ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు నా భర్త బతికే ఉన్నాడు. మాకింకా పిల్లలు లేరు. "ముందు ఆపరేషన్ చేయించుకో, కథ ఒడుస్తది" అందామె. కాదంటే మందులు ఆపేస్తారేమోనని సంతకం పెట్టాను. మందులు సరిగ్గా వాడి, రక్తంలో వైరస్ అణిగి ఉంటే, డాక్టర్ల పర్యవేక్షణలో బిడ్డను కనొచ్చని మూడేళ్ల తర్వాత ఎవరో మాటల మధ్యలో చెబితే తెలిసింది. నా ఫైలులోనూ 'సలహా ఇచ్చాము' అనే రాసి ఉంటారు.

లేచి కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాను. ఆయన రిజిస్టర్ నా వైపు తిప్పాడు. "మేడం, ఆమె పేరు ఎదురుంగ టిక్కుంది సూడున్రి. మస్తుమంది వస్తరు, నేనొక్కన్నే." ఒక్కడే అన్నది నిజమే. అందరికీ ఒకే మాట చెప్పడానికి దొరికిన తీరిక ఒక్కరి మాట వినడానికి దొరకలేదు.

ఆ రోజు డాక్టరు ఉన్నాడు. ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాను. ఆయన ఫైలు తిరగేశాడు.

"రెండేండ్ల సంది వైరస్ కనవడ్తలేదు కదమ్మా. ప్లాన్ చేసుకోవచ్చు. ఇన్ని దినాలు ఎందుకు అడగలే?"

ఆమె తల దించుకుంది. "ఆమె అడగాల్నా సార్, మీరడగాల్నా?" అన్నాను. ఆయన చీటీల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. భర్తకు ఏ పరీక్ష చేయించాలో, నిరోధ్ ఎప్పుడు ఆపాలో, ఏ మాత్రలు మొదలుపెట్టాలో చెప్పి, ఆడవాళ్ల డాక్టరుకు చీటీ రాశాడు. అంతా కలిపి పది నిమిషాలు. నాలుగేళ్లలో ఆమెకు ఆ పది నిమిషాలు దొరకలేదు.

మిగిలిన రోజులు వచ్చిన ప్రతి మనిషినీ అదే అడిగాను. భీమ్‌గల్ నుంచి వచ్చిన ఒకామెకు ఇక పిల్లలు వద్దు. కాపర్ టీ వేయమంటే ప్రతిసారీ నిరోధ్‌లే చేతిలో పెట్టారు. భర్త వాటిని ముట్టడు. ఆమె పేరు ఎదురుగానూ టిక్కే. ఈ మాటలన్నీ ఫారాల వెనక వైపు రాసి పంపాను. తర్వాత సర్వే సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పాడు, ఫారాల ముందు వైపే స్కాన్ చేశారట. క్లినిక్‌కు 'బాగుంది' అని మార్కు వచ్చింది. మళ్లీ సర్వేకు పిలిస్తే ఆ ప్రశ్న చేర్చితేనే వస్తానన్నాను. పిలవడం మానేశారు.

మూడేళ్లు గడిచాక, మొన్న మోర్తాడ్ నుంచి ఆమె ఫోన్ చేసింది. "అక్కా, పాపకు ఏడాదిన్నరకు చేసే ఆఖరి రక్త పరీక్ష అయింది. వైరస్ లేదన్నరు." నాకు ఏడుపు వచ్చింది. తనే మళ్లీ అంది, "మందులకు పోయినప్పుడల్ల లైన్ల ఉన్న ఆడోళ్లను నేనే అడుగుతున్నక్కా, పిల్లలు కావాల్నా, వద్దా అని. కావాల్నన్నోళ్లను డాక్టర్ తానికి తోల్కపోతున్న."

సంతోషం ఎంత కలిగిందో, కోపం అంతకంటే ఎక్కువైంది. జీతం తీసుకునే వాళ్లు చేయాల్సిన పనిని ఒక బీడీ కార్మికురాలు, ఒక పూట పని పోగొట్టుకుని, పాపను చంకన వేసుకుని చేస్తోంది.