ఎనిమిది అంకెల తాళం

ఇంగ్లండులో కోవెంట్రీ తెలుగు చర్చి హాలు మెట్ల మీద ముందు గలగలమని చప్పుడు వినిపించేది. కార్ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ కాపీ చేసుకోకుండా కంప్యూటర్‌కు గుచ్చే బుల్లి తాళాలవి. తన ఆఫీసులో పాతబడ్డవన్నీ ఒక రింగుకు తగిలించి నడుముకు వేలాడదీసుకునేవారు ప్రేమ్‌నాథ్ గారు. ఆ గలగల వెనకే, వాన వెనక వెలుతురులా, తీరిగ్గా ఆయన నవ్వు వచ్చేది. బంగారంలాంటి మనిషి. ఒక్కటే జబ్బు: ఎవరు దేన్ని కాపీ చేసినా ఓర్చుకోలేరు.

ఒక క్రిస్మస్‌కు పాటల కాగితాలు జిరాక్స్ తీసి పంచితే ఆయన ముట్టుకోలేదు. తన పాట తానే చేత్తో రాసుకొచ్చారు. "చేత్తో ఎక్కించినా కాపీయే కదండీ," అన్నారెవరో. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ ఏడాది మాటల్లేకుండా రాగం ఒక్కటే పాడారు.

భార్య సుగుణకుమారి గారిని చేపల పులుసు ఎలా చేస్తారని అడిగితే ఆయనే అడ్డుపడేవారు. "సింగిల్ యూజర్ లైసెన్సమ్మా అది."

"పెళ్ళినాడు నన్నూ అలాగే రిజిస్టర్ చేసుకున్నారు," అనేవారావిడ గరిటె దించకుండా.

అలాంటాయన చేతికి 2013లో జెమీమా చిక్కింది. గుంటూరులో ఆరేళ్ళు నర్సుగా చేసిన పిల్ల. ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే కేర్‌హోమ్‌లో పని. మళ్ళీ నర్సు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవాలి. మాట్లాడటంలో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే, మళ్ళీ రాసేలోపు వీసా గడువు అయిపోతుంది. ఎదురుగా మనిషి ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేది గానీ ఫోనంటే గుండె దడ. డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేయడం కన్నా జ్వరమే నయమనుకునేది.

ప్రేమ్‌నాథ్ గారు తాను తయారుచేసిన ప్రాక్టీసు ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు.

"శనివారం శనివారం దీనికదే తాళం పడిపోద్ది. నాకు ఫోన్ చేసి ఎనిమిదంకెల కోడ్ అడగాలి. ఇంగ్లీషులో."

"ఇంటికొచ్చి తీసుకుంటాను అంకుల్."

"కుదరదు. గొంతు సరిచూడాలి. నీ పేరు ఎవరైనా చెప్తారు. గొంతు కాపీ కొట్టలేరు గదా."

"పోనీ మెసేజ్ పెట్టనా?"

"మెసేజ్‌కి గొంతుంటదా?"

మొదటి శనివారం చెమటలు పడుతుంటే ఫోన్ చేసింది. "జెమీమానే అనడానికి రుజువేంటి? నీ కిటికీలోంచి ఏం కనపడుతోందో రెండు నిమిషాలు చెప్పు," అన్నారాయన ఇంగ్లీషులో.

"వాన," అంది. మళ్ళీ తొంగిచూసి, "ఇంకా వానే," అంది. కోడ్ రావడానికి పావుగంట పట్టింది.

"అది ప్రాక్టీసా అక్కా, పోలీస్ స్టేషనా?" అని నవ్వాడు అదే ఇంట్లో అద్దెకుండే షాలేమ్.

వారాలు గడిచాయి. కిటికీలోకి కౌన్సిల్ వాళ్ళ చెత్తబండి వచ్చింది. గాలికి దొర్లే డబ్బా వెంట చెప్పుల్లేకుండా పరిగెత్తే పక్కింటి ముసలాయన వచ్చాడు. తడిసిన గోడ మీద తనకేమీ పట్టనట్టు కూర్చునే పిల్లి వచ్చింది. జెమీమాకు తెలియకుండానే రెండు నిమిషాలు నాలుగయ్యేవి.

పరీక్షకు ఆరు వారాలుందనగా ఒక శనివారం ఆయన ఫోన్ ఎత్తలేదు. కంగారులో జెమీమా తన పుట్టినరోజు కొట్టింది. తాళం తెరుచుకుంది. మూసి, ఎనిమిది సున్నాలు కొట్టింది. తెరుచుకుంది. ఎనిమిది ఏడులకూ తెరుచుకుంది. ఇన్నాళ్ళూ పడ్డ చెమటలన్నీ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అప్పుడే ఫోన్ మోగింది. "డ్రైవింగ్‌లో ఉన్నానమ్మా. కోడ్ కావాలా?"

తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌ను చూసింది. కిటికీ వైపు చూసింది. గోడ మీద పిల్లి ఉంది.

"కావాలంకుల్," అని, ఇంగ్లీషులో పిల్లితో మొదలుపెట్టింది.

పరీక్షలో రోజూ చూసే ఒక చోటు గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆమె తన కిటికీ గురించి చెప్తూ పక్కింటి ముసలాయన దగ్గరికి రాకముందే పరీక్ష పెట్టేవాళ్ళు చెయ్యెత్తి ఆపాల్సి వచ్చింది.

ఫలితం వచ్చిన ఆదివారం చర్చి హాలు మెట్ల మీద గలగల వినగానే ఎదురెళ్ళింది. "పాసయ్యానంకుల్. మీ తాళం మాత్రం పాడైంది. ఏది కొట్టినా తెరుచుకుంటోంది."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎప్పుడు కనిపెట్టావ్?"

"పరీక్షకు ఆరు వారాల ముందే."

"మరి ప్రతి శనివారం ఫోనెందుకు చేశావ్?"

"గొంతు సరిచూడాలిగా."

రింగు గలగలలాడేలా నవ్వి, మెట్ల చివర బెదురుగా నిలబడ్డ కొత్త పిల్లను కళ్ళతో చూపించారు.

"నీకన్నా ముందు తొమ్మిదిమంది కనిపెట్టారు. ఒక్కరూ బయట పెట్టలా. అదిగో, ఏంజెలినా, పోయిన వారమే వచ్చింది. ఫోనంటే నీకన్నా భయం. వెళ్ళి నా నంబరియ్యి, తాళం మహా గట్టిదని చెప్పు."