మెలికలు తీసిన నెట్ వైరు

మోటరు వైండింగ్‌లో నాకు సాటి వచ్చేవాడు మహబూబాబాద్‌లో లేడని నేనే చెప్పుకుంటే బాగుండదు. కానీ ఇంకొకరు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. కేసముద్రం నుంచి, కొత్తగూడ అడవి ఊళ్ల నుంచి కాలిపోయిన బోరు మోటర్లు ట్రాక్టర్ల మీద వచ్చి మా ఇంటి ముందున్న రేకుల షెడ్డులో దిగేవి. వాటి కడుపులో నల్లబడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్లీ నీళ్లు పోసేలా చేసి పంపేవాణ్ణి. కళ్లు మూసుకుని పట్టుకున్నా తీగ ఎంత సన్నమో నా వేళ్లు చెప్పేవి.

అలాంటి నాతో నా భార్య ఒక పొద్దున, "నెట్ వైరు కొనుక్కరా" అంది. నాకు ఒళ్లు మండింది.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు నిలిచిపోయేవి. జనం పట్టాల మీద కూర్చున్నారంటే కాజీపేట బండి ఎప్పుడొస్తుందో స్టేషన్ మాస్టరుకే తెలియదు. మా రోడ్డు మీద కూడా ఒక దీక్షా శిబిరం వెలిసింది. దాని మైకు వైర్లు లాగింది నేనే. పంతుళ్లు, గుమస్తాలు, హమాలీలు అందరూ సమ్మెలో ఉన్నారు గానీ, దరఖాస్తుల గడువులు మాత్రం సమ్మె చేయలేదు. ఆన్‌లైన్ ఫారం నింపాలంటే మా చుట్టుపక్కల పిల్లలు వరంగల్ దాకా పోవాల్సి వచ్చేది.

ఇంటి దగ్గరే ఫారాలు నింపే కొట్టు పెట్టాలని నా భార్యకు అక్కడే ఆలోచన పుట్టింది. ఆమె ఇంటర్ చదివింది, టైపు నేర్చుకుంది. ఆమె తమ్ముడు పనిచేసే ఆఫీసులో తీసేసిన ఒక పాత కంప్యూటర్ మాకు చేరింది. షెడ్డులో సగం నా మోటర్లకు, సగం తన కంప్యూటర్‌కు అని తేల్చి చెప్పి, మధ్యలో ఒక పాత చీర తెర కట్టింది. పెళ్లయిన పదేళ్లలో ఆమె తన కోసం అడిగిన మొదటి జాగా అదే.

చిక్కల్లా ఏమిటంటే, ఫోన్ లైను మా ఇంటికి వెనక గల్లీలోంచి వచ్చేది. మోడెం వెనక గదిలో ఉండాలి. కంప్యూటరేమో షెడ్డు వదిలి రాలేదు. ఆ కాలంలో ఇంట్లో ఓల్టేజీ ఎంత తక్కువంటే ఫ్యానే బద్ధకంగా తిరిగేది, కంప్యూటర్ లేవనే లేవదు. షెడ్డులో నేను చుట్టిన స్టెబిలైజర్ ఉంది కాబట్టి అక్కడ నడిచేది. అదేమో గోడకు బోల్టులు వేసి బిగించిన మణుగు బరువు ఇనుము. మా జాగా వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. అందుకని వెనక గది నుంచి షెడ్డు దాకా ప్రహరీ గోడ వెంట ఒక పొడుగాటి నెట్ వైరు కావాలి.

"వరంగల్‌ల రెడీమేడ్‌ది దొరుకుతదట. ఎంత పొడుగు గావాల్నో చెప్తే రెండు దిక్కుల కంపెనీ జాకులతోని ఇస్తరట. బండ్లు నడిచిననాడు పోయి తే" అంది.

"ఎనిమిది తీగెలు బిగించనీకి కంపెనీ గావాల్నా? ఎసొంటి మోటరైనా చుట్టెటోన్ని. జనం నవ్వుతరు."

"జనం సంగతి గాదు. నడవాలె గద."

"నా చేతిల నడవనిది ఏమున్నది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని ఆమె గొణుక్కోవడం నాకు వినిపించింది. విననట్టు ఉన్నాను.

బస్టాండు దగ్గర మూతపడిన నెట్ సెంటర్ ఆయన ఇంటి మోటరు ఒకసారి నేనే బాగుచేశాను. ఆయన్ని అడిగితే మిగిలిన వైరు చుట్ట, గుప్పెడు ప్లాస్టిక్ జాకులు, వాటిని నొక్కే పట్టుకారు ఇచ్చి పంపాడు. అన్నీ ముందేసుకుని బెంచీ దగ్గర కూర్చుని, వైరు పైతోలు కోశాను. లోపల చూస్తే ఎనిమిది సన్నతీగలు. ఒక్కో రంగు తీగ, దాని తెల్లచారల జోడీ, రెండేసి చొప్పున మెలిపెట్టి ఉన్నాయి.

నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ, తీగలో మెలిక కనబడితే వేళ్ల మీద వెదురుబద్దతో కొట్టేవాడు. "మెలిక వడ్డకాడ పూత పగులుతది. పూత పగిలినకాడ మోటరు కాలుతది" అనేవాడు. ఆ దెబ్బల గుర్తు నా వేళ్ల మీద లేదు గానీ వేళ్లలో ఉంది. ఆ మెలికలు చూడగానే నా చేతులు ఆగలేదు. జానెడు పొడవున ప్రతి జోడీనీ విప్పి, గోటితో సాగదీసి, చీపురుపుల్లల్లా నిటారుగా చేశాను. నారింజ పక్కన దాని జోడీ, ఆకుపచ్చ పక్కన దాని జోడీ, నీలం పక్కన, మట్టిరంగు పక్కన. వరసలో పెట్టి, జాకులో దూర్చి, నొక్కాను. అంత పొందికైన పని కంపెనీ వాడి తాత కూడా చేయలేడనిపించింది.

నా భార్య మోడెంతో పాటు వచ్చిన మూరెడు వైరు పట్టుకొచ్చింది. దాని జాకు గాజులా ఉంది, లోపలి రంగులు కనబడుతున్నాయి.

"ఇగో, గిది జూడు. ఇండ్ల ఆకుపచ్చ జోడీ పక్కపక్కకు లేదు. నడుమ నీలంయి రెండు దూరినయ్."

చూశాను. నిజమే. "కంపెనీల ఎవడో తాగి బిగించిండు" అన్నాను.

"రెండు కొసలకు గట్లనే తాగి బిగించిండా?"

"తాగినోడు ఎన్ని కొసలకైనా గట్లనే బిగిస్తడు."

నేను రెండో కొస కూడా అదే వరసలో బిగించి, మీటరు పెట్టి చూశాను. ఈ చివర ఏ తీగ పట్టుకుంటే ఆ చివర అదే పలికింది. ఎనిమిదికి ఎనిమిది సరి. వైరు గోడ వెంట లాగి రెండు వైపులా తగిలించాను. కాసేపటికి కంప్యూటర్ తెర మీద ఒక పేజీ నింపాదిగా తెరుచుకుంది. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

మర్నాడు ఆమె కొట్టు తెరిచింది. ఆ రోజే రోడ్డు మీద వంటావార్పు. అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి, గంజుల్లో అన్నం వండుతున్నారు. నా మైకులో పాటలు మోగుతున్నాయి. ఆ పొగలోంచి ఒక ఆడపిల్ల నడిచొచ్చింది. కేసముద్రం అవతల తండా వాళ్లది. బస్సు లేదు, రైలు లేదు. పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒకదాని పట్టీ తెగింది.

"అక్కా, నర్సు ట్రైనింగ్ ఫారం. ఇయ్యాల అయిదింటికి బందైతదట" అంది. ఇంట్లో వాళ్ల భాష వేరు కాబట్టి తెలుగు మాటలు ఏరుకుని మాట్లాడుతోంది.

"కాకుంటే మల్లెప్పుడు?" అని నా భార్య అడిగింది.

"వచ్చే యేడు. ఒక్కసారి పత్తి ఏర పోవుడు మొదలువెడితే ఇగ నన్ను ఎవ్వలు పంపరక్కా."

నా భార్య ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఫారం తెరిచింది. పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపింది. ఫొటో ఎక్కించే చోట తెర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి నింపింది. మళ్లీ ఫొటో దగ్గరే ఆగింది. మూడోసారి కూడా అంతే. పన్నెండింటికి మొదలుపెడితే మూడు దాటింది.

నేను కంప్యూటర్ పక్కన నిలబడి మొదట సర్కారు వెబ్‌సైటును తిట్టాను. తర్వాత ఫోన్ లైనును తిట్టాను. తర్వాత మోడెంను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా పని. కంప్యూటర్ వెనక, జాకు దూరిన చోట ఒక పచ్చ దీపం ఉంటుంది. అది వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది. పొద్దుటి నుంచీ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. చూడనట్టు ఉన్నాను.

నా భార్య దాని వైపు, తర్వాత నా వైపు చూసింది. "జాకులు రెండు కోసెయ్యి" అంది.

"మీటరు సరే అంటున్నది."

"మీటరుకు గాదు, ఈ పిల్లకు గావాలె నెట్. కంపెనోడు తాగి బిగించినట్టే మనం గూడ బిగిద్దాం. మెలికలు సుత తియ్యద్దు. గా చిన్న వైరు జూడు, మెలికలు జాకు దాక పోయినయ్."

ఆ అమ్మాయి గోడ గడియారం వైపు ఒకసారి, తన తెగిన చెప్పు వైపు ఒకసారి చూసుకుంది. నాకు సిగ్గేసింది. మోటరు కాలితే మళ్లీ చుట్టొచ్చు. ఈ పిల్ల ఏడాదిని నేను చుట్టి ఇవ్వలేను.

పట్టుకారు ఒక్కటే ఉంది. షెడ్డు వైపు కొస నా భార్య కోసి, మూరెడు వైరును ముందు పెట్టుకుని, దాన్ని చూస్తూ బిగించింది. చేయి తిరగనిది కాబట్టి ఒక జాకు పాడైంది, రెండోది కుదిరింది. ఆ అమ్మాయి పట్టుకారు తెచ్చి వెనక గదిలో రెండో కొస కోసి కూర్చున్న నాకిచ్చి, మళ్లీ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. నమూనా అక్కడ, నేను ఇక్కడ. షెడ్డులోంచి నా భార్య గొంతు పెద్దగా వినిపించింది. మైకులో పాట ఆగి ఉంది, రోడ్డు మీద వాళ్లందరికీ వినిపించే ఉంటుంది.

"తెల్లచారల నారింజ!"

పెట్టాను.

"నారింజ! తర్వాత తెల్లచారల ఆకుపచ్చ!"

పెట్టాను.

"నీలం!"

నా వేళ్లు ఆకుపచ్చ తీగ మీదికి పోయాయి. తెల్లచారల ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చే ఉండాలని ఇరవై ఏళ్ల పని చెబుతోంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నా లెక్కే సరైనదని నాకు ఇంకా లోపల గట్టిగా ఉంది. ఆకుపచ్చ తీగ కొస జాకు నోట్లో ఉంది. నొక్కితే అయిపోతుంది.

"నీలం వెట్టినవా?" అని అరిచింది.

ఆకుపచ్చ తీసేసి నీలం పెట్టాను. "పెట్టిన!" అన్నాను. తర్వాత ఆమె చెప్పినవన్నీ చెప్పినట్టే పెట్టాను. మెలికలు విప్పకుండా జాకు దాకా ఉంచుతుంటే నా గోళ్లు దురద పెట్టినట్టయింది. నొక్కి, మోడెంకు తగిలించి, షెడ్డుకు పరుగెత్తాను.

పచ్చ దీపం ఆరకుండా వెలుగుతోంది. నాలుగున్నరకు ఫొటో ఎక్కింది. ఫారం అటు చేరింది. దరఖాస్తు నంబరు తెర మీదికి రాగానే ఆ అమ్మాయి దాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. కాగితం మీద రాసిస్తానని నా భార్య అంటున్నా వినలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పొయ్యిల పొగ అని చెప్పాను.

ఆ తర్వాత నెట్ సెంటర్ ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. ఒకదానితో ఒకటి మెలిపడి ఉన్న రెండు తీగలే కలిసి ఒక పని చేయాలట. ఆ మెలికే పక్క జోడీల గోల వీటికి తగలకుండా కాపాడుతుందట. నేను జోడీలను పక్కపక్కనే కూర్చోబెట్టాననుకున్నాను గానీ, ఆ జాకులో మూడో తీగకు అసలు జోడు ఆరో చోటుదట. కొద్దిపాటి దూరమైతే నా వైరు కూడా ఎలాగో నడిచేదట. ఆ మాట పట్టుకుని నేను కొన్నాళ్లు నా పరువు కాపాడుకోవాలని చూశాను, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. బండ్లు నడిచాక కూడా వరంగల్ వెళ్లి రెడీమేడ్ వైరు కొనలేదు. అవసరం పడలేదు.

ఫారం పంపిన ఆ సాయంత్రమే శిబిరం నుంచి మంచినీళ్లకు వచ్చిన ఒక పెద్దాయన తెర వైపు తొంగి చూసి, "ఏం మేస్త్రీ, నెట్టు మంచిగ నడుస్తున్నదా? వైరు నువ్వే జేసినవా?" అని అడిగాడు.

నాకు నోట్లోకి 'అవును' వచ్చేసింది. దాన్ని మింగి, "నేను జేసింది నడవలే. ఇది ఈమె చేసింది" అన్నాను. ఇరవై ఏళ్లలో నా షెడ్డులో ఆ మాట నేను అనడం అదే మొదలు.

నా భార్య ఆ అమ్మాయి తెగిన చెప్పుకు నా రాగి తీగ ముక్కతో కట్టు వేస్తోంది. తల ఎత్తకుండానే, "ఒక కొస నేను బిగించిన, ఒక కొస ఆయన బిగించిండు. నేను నీలం అంటె నీలమే వెట్టిండు" అంది.

అంత నమ్మకంగా అందామె. ఆ గదిలో నా చేతిలో ఆకుపచ్చ తీగ జాకు నోటి దాకా వెళ్లిన సంగతి ఇన్నేళ్లలో నేను ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు రాశాను, టైపు చేయాల్సింది ఆమే.